సారంగపాణి ఇంట్లో రెండో పొయ్యి

ఆ రోజు వరంగల్ మట్టెవాడలో సారంగపాణి ఇంట్లో రగడ వంకాయ దగ్గర మొదలైంది.

కంచంలో వడ్డించిన కాల్చిన వంకాయ పచ్చడిని సారంగపాణి వేలితో రెండుగా విడదీసి చూశాడు. దుకాణంలో బిందెను అడుగు తిప్పి చూసే అలవాటు ఆయనకు. తినేటప్పుడు కూడా ప్రతిదాన్నీ అలాగే తిప్పి చూస్తాడు.

"ఇదేంది? ఒకదిక్కు బొగ్గయింది, ఇంకోదిక్కు పచ్చిగనే ఉన్నది. వంకాయ కాల్చుడు గూడ ఒక విద్యనా?"

"తిప్పుకుంటనే కాల్చిన మామయ్యా," అంది కోడలు అనసూయ, చేతిలో మజ్జిగ గిన్నెతో నిలబడి. "మంట ఒకదిక్కే వస్తాంది."

"మంటకు దిక్కులుంటయా?"

"ఎందుకుండయి బాపు?" అన్నాడు రాంచందర్ తల ఎత్తకుండా. "మన దుకానానికి తూర్పు మొఖం, మన పొయ్యికి పడమటి మొఖం."

"నువ్వు బువ్వ తినరా. మిల్లు సైరన్ కూసి ఎంతసేపయింది, దుకానం తాళం ఇంక తియ్యలే."

వరలక్ష్మి గబగబా నెయ్యి గిన్నె తెచ్చి భర్త కంచంలో వంచింది. "జర నెయ్యేసుకొని కలుపుకోండ్రి, మాడు వాసన పోతది. పొద్దుగాల్నే వంకాయ మీద పంచాయితా?"

"పంచాయితి వంకాయది కాదు అత్తమ్మా, పొయ్యిది," అంది అనసూయ.

సారంగపాణి చేయి కంచంలో ఆగిపోయింది. ఆ ఇంట్లో దేవుణ్ణి తిట్టినా ఆయన ఊరుకుంటాడేమో గాని, ఆ పొయ్యిని అంటే ఊరుకోడు.

ఆయనది ఇత్తడి సామాన్ల దుకాణం. తండ్రి నాటి నుంచీ గంగాళాలు, బిందెలు, తాంబాళాలు అమ్మిన దుకాణం. చైనా యుద్ధం వచ్చిన ఏడాది ఆయన సికింద్రాబాదు వెళ్లి ఒక కొత్త రకం పొయ్యి చూసి వచ్చాడు. కింద ఇత్తడి టాంకి, దానికి గాలి కొట్టే పంపు, పైన నాలుగు కాళ్ల ఇనుప పెట్టె, దాని మీద జాలి. జాలి మీద మక్కకంకులు, వంకాయలు, రొట్టెలు కాల్చుకోవచ్చు. జాలి తీసి పక్కన పెడితే గిన్నె కూర్చుంటుంది. కిరసనాయిలును వరంగల్ వాళ్లు గ్యాస్ నూనె అంటారు గనుక, దాన్ని అందరూ గ్యాస్ పొయ్యి అన్నారు. మొదటిది తెచ్చి ఆయన తన ఇంట్లోనే పెట్టాడు. పొగకు వరలక్ష్మి కళ్లు ఉబ్బిపోయి, కట్టెలా కళ్లా ఏదో ఒకటి ఎంచుకొమ్మని దవాఖానలో డాక్టరు చెప్పిన రోజులవి.

కానీ గ్యాస్ నూనె వాసన దేవుని గూటి దాకా రాకూడదని వరలక్ష్మి పట్టుబట్టింది. అందుకని పొయ్యి దొడ్లో, రేకుల చాపరు కింద వెలిసింది. లోపలి మట్టిపొయ్యి చల్లారిపోయింది. అప్పటి నుంచి ఆ ఇంటి వంటంతా దొడ్లోనే.

మొదటి ఏడు ఆ పొయ్యి నిజంగా బంగారమే. బియ్యం కడిగేలోపల ఎసరు మరిగేది. రెండో ఎండాకాలానికి పంపు లోపలి తోలు వాషర్ ఎండిపోయి, ఎంత కొట్టినా గాలి ఎక్కేది కాదు. అనసూయ దాన్ని రాత్రంతా పల్లినూనెలో నానబెట్టి వేసేది. మూడో వానాకాలానికి ఏటవాలు జల్లు తగిలి కాళ్లు పొరలు పొరలుగా ఊడాయి, జాలి అప్పడంలా విరిగింది. జాలి మార్చారు. తర్వాత మంట వచ్చే చిల్లి ఒక పక్క పూడుకుపోయింది. సూదితో పొడిస్తే రెండు రోజులు బాగుండేది, మళ్లీ మంట పడమరకు వాలేది. ఇవన్నీ అనసూయ చూస్తూనే ఉంది. కాజీపేట రైల్వే క్వార్టర్లలో, గార్డు ఉద్యోగం చేసే తండ్రి దగ్గర ఒక్కతే బిడ్డగా పెరిగి, హన్మకొండ కాలేజీలో ఇంటర్ చదివిన పిల్ల. కంటికి కనిపించినదాన్ని కనిపించలేదనుకోవడం ఆమెకు చేతకాదు.

వరలక్ష్మి మాత్రం ప్రతి శుక్రవారం ఆ టాంకిని చింతపండుతో, బూడిదతో తోమి, పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టేది. మెరిసిపోయేది. దుకాణంలో ఎవరైనా కొనాలా వద్దా అని ఊగిసలాడితే సారంగపాణి వాళ్లను నేరుగా ఇంటికే తీసుకొచ్చేవాడు. "నాలుగేండ్ల సంది ఎండల, వానల ఉన్నది. చూడుండ్రి, పెండ్లిపిల్ల లెక్క లేదా? పదేండ్లదాంక ఫికర్ లేదు. మా కోడలు ఇంటర్ చదివింది, ఆమెనే అడుగుండ్రి." అనసూయ తల ఊపేది. అంతే. బేరం కుదిరేది.

పోయిన వారం టాంకి అతుకు దగ్గర విచ్చింది. సన్నగా చిమ్మిన నూనె మంటను పట్టుకొని వచ్చి ఆమె కొంగు అంటించింది. వరలక్ష్మి తడి గోనెసంచి తెచ్చి మీద వేసింది కాబట్టి కొంగుతో పోయింది. సారంగపాణి వచ్చి చూసి, "పంపు ఎక్కువ కొట్టినవ్ బిడ్డా," అన్నాడు. కంచరిని పిలిచి మాటు వేయించాడు. "బయట అనకుండ్రి," అని మరో మాట కూడా అన్నాడు.

ఆ వంకాయ పూట, ఆయన చేయి కడుక్కొని అంగీ తొడుక్కుంటుండగానే వాకిట్లో చెప్పుల చప్పుడు వినిపించింది. మార్తమ్మ టీచరు. ఆడపిల్లల బడిలో చెబుతుంది. పల్లెల నుంచి చదువుకోవడానికి వచ్చిన పిల్లలు కొందరు ఆమె ఇంట్లోనే ఉంటారు.

"రాండ్రి టీచరమ్మా, రాండ్రి," అంటూ సారంగపాణి ఆమెను దొడ్లోకి తీసుకొచ్చాడు. వంకాయ సంగతి పూర్తిగా మరిచిపోయిన మొహం. "ఇదే మా పొయ్యి. కండ్లతోని చూడుండ్రి. పిల్లలకు పొద్దుగాల రొట్టెలు కాల్చుడు చిటికెల పని."

మార్తమ్మ వంగి చూసింది. "బాగనే ఉన్నది. ఎన్నేండ్లు వస్తది సావుకారూ?"

"నా మాటెందుకు? మా కోడలు చదువుకున్న పిల్ల. అబద్ధమాడది. అడుగుండ్రి."

మార్తమ్మ ఇటు తిరిగింది. అనసూయ తల ఊపాలి. మెడ కదల్లేదు.

"మీ ఇంట్ల పొయ్యి ఏడ పెడతరు టీచరమ్మా?" అని అడిగింది.

"దొడ్లనే. మా చిన్న పిల్ల ఒకతి ఉన్నది, సలికాలం పొయ్యి పక్కన కూసుంటెనే గని పుస్తకం తియ్యది. ఎంత కొట్టుకున్న లేవది."

అనసూయ ఒకసారి మామగారి వైపు చూసింది. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. మొదటి ఏడు ఎంత బాగా పనిచేసిందో చెప్పింది. వాషర్ సంగతి చెప్పింది. జాలి మార్చిన సంగతి, మంట వాలే సంగతి చెప్పింది. మధ్యలో సారంగపాణి రెండుసార్లు దగ్గాడు. మూడోసారి దగ్గేలోపలే ఆమె చివరిది కూడా చెప్పేసింది.

"పోయిన వారం అతుకుకాడ నూనె చిమ్మింది. నా కొంగు అంటుకున్నది. ఇప్పుడు మాటేసి ఉన్నది. లోపల పెట్టి ఎండ, వాన తగలకుంట చూసుకుంటె ఇంకెన్నేండ్లు వస్తదో నాకెరుకలేదు. దొడ్ల పెడితె మాత్రం మూడు వానకాలాలు దాటినంక నమ్మద్దు. పిల్లలను అసలే దగ్గరికి రానియ్యద్దు."

మార్తమ్మ ఆమె భుజం మీద చేయి వేసి, ఒక్కసారి నొక్కి, వాకిలి వైపు నడిచింది.

సారంగపాణి గడప దాకా వెళ్లి ఆమెను సాగనంపి వచ్చాడు. నవ్వుతూనే వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి మొహంలో నవ్వు లేదు.

"ఇంట్ల తిండి తిని, ఇంటి పొయ్యి మీద బజారుకు చాడీ చెప్పినవ్."

"అడిగింది, చెప్పిన. అబద్ధమాడదని మీరే అంటిరి."

"అనసూయా," అన్నాడు రాంచందర్ మెల్లగా. ఊరుకొమ్మని అర్థం. భార్య ఊరుకోదని అతనికి తెలుసు. తండ్రి అంతకన్నా ఊరుకోడని తెలుసు. అందుకని తాళంచెవుల గుత్తి తీసుకొని దుకాణానికి బయలుదేరాడు.

"మా పొయ్యి మంచిది కాదంటివి గద," అన్నాడు సారంగపాణి. "అయితె రేపటి సంది దాన్ని ముట్టకు."

"సరే మామయ్యా. ముట్ట."

మరునాడు తెల్లవారి అనసూయ దొడ్డి గోడ పక్కనున్న మూడు ఇటుకలు తెచ్చి, చాపరుకు అవతల పెట్టి, కట్టెలు ముట్టించి, తన కోసం గిన్నెడు బియ్యం పడేసింది. ఆమె మనసులో ఉన్నది ఒక్కటే. ఆయన ముట్టకన్నాడు, తాను ముట్టలేదు. ఆకలి వేస్తే తినాలి కదా. రైల్వే క్వార్టర్లలో పెరిగిన పిల్ల. అక్కడ బొగ్గుల కుంపటి ఇవాళ లోపల, రేపు వసారాలో, ఎల్లుండి మెట్ల మీద. పొయ్యికి అంతకుమించి అర్థం ఉంటుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

వరలక్ష్మి దొడ్లోకి వచ్చి రెండు మంటలూ చూసి, ఇత్తడి పొయ్యి ముందు కూలబడింది. పంపు కొట్టింది. కొంగుతో కళ్లు తుడుచుకుంది. మళ్లీ కొట్టింది. కళ్లకు మందు వేసుకోలేదేమో అనుకుంది అనసూయ.

గోడ మీదుగా పక్కింటి కట్టమ్మ తల కనిపించింది.

"ఏం బిడ్డా, ఏం చేస్తాన్నవే?"

"వంట, పెద్దమ్మా."

"అత్త ఆడ వండుతాంది గద?"

"అది మామయ్య పొయ్యి. ఇది నాది."

కట్టమ్మ రెండు చేతులూ గోడ మీద ఆనించింది. "అయ్యో! ఎప్పుడైంది ఇది?"

"నిన్ననే."

"నిన్ననా! మాకు ఒక్క ముక్క చెప్పకపాయె. మరి పెద్దమనుషులెవలన్న అచ్చిన్రా?"

పెద్దమనుషులు ఎందుకో అనసూయకు అర్థం కాలేదు. "ఎవలు రాలే. మార్తమ్మ టీచరు ఒక్కతే వచ్చింది."

"టీచరమ్మతోని తెంపిచ్చుకున్నరా! ఔరా! మరి రాంచందర్ ఎటు తింటడు?"

"ఆయన ఇష్టం పెద్దమ్మా. ఏది మంచిగనిపిస్తె అది తింటడు."

తల మాయమైంది. ఎండ చాపరు రేకులను ముట్టేలోపల, సారంగపాణి ఇల్లు వేరుపడిందన్న సంగతి మట్టెవాడ దాటి చౌరస్తాకు చేరింది.

మధ్యాహ్నం మొగిలయ్య వచ్చాడు. ధాన్యం వ్యాపారి. బజారులో ఎవరింట్లో పంపకాలు జరిగినా ఆయనే కూర్చొని తెంపి తేలుస్తాడు. రావడంతోనే భుజం మీది కండువా తీసి దొడ్డి అరుగు దులుపుకొని కూర్చున్నాడు.

"ఏడ్వకు చెల్లె," అన్నాడు వరలక్ష్మితో. "ఏ ఇంటికైన ఒకరోజు తప్పది. ముందటి అర్రలు పెద్ద కొడుక్కి, దొడ్డి చిన్న కొడుక్కి అని సులువుగ తెంపేటోన్ని. మీకేమో ఒక్కడే కొడుకాయె. ఒక్క కొడుకు తల్లిదండ్రులతోని ఏరువడుడు ఈ వరంగల్ల నేనెన్నడు సూడలే. అయినా ఏదో చేద్దాం."

"ఎవరు వేరుపడ్డరు?" అంది అనసూయ గడపలోంచి.

మొగిలయ్య ఆమెను విచిత్రంగా చూశాడు. వరలక్ష్మి ముక్కు చీదుకుంది. "నీకు ఎరుకలేదా బిడ్డా? పొయ్యి ఏరైతె కుండ ఏరు. కుండ ఏరైతె ఇల్లు ఏరు. ఊరంతటికి ఎరికున్న సంగతి. నువ్వు నా ముందల రెండో పొయ్యి ముట్టిస్తె నా గుండెల ముట్టిచ్చినట్టయింది. పొద్దటి సంది ఒక్క ముద్ద మింగలే నేను."

పొద్దున కట్టమ్మతో అనసూయ అన్న ఒక్కొక్క మాటా వెనక్కి వచ్చి చెవిలో మోగింది. అది మామయ్య పొయ్యి, ఇది నాది. దేవుడా! వెంటనే వెళ్లి ఆ ఇటుకలు తన్నేసి, అత్తగారి కాళ్ల మీద పడాలనిపించింది. అడుగు వేసింది కూడా.

అప్పుడే సారంగపాణి లోపలికి వచ్చాడు. మిట్టమధ్యాహ్నం ఆయన దుకాణం వదిలి ఇంటికి రావడం ఆ ఇంట్లో ఎవరూ చూసి ఉండరు. వచ్చినవాడు చెప్పులు కూడా విప్పకుండా దొడ్లోకి నడిచాడు.

"సామాను ఇగ ఎవల పేరు మీద పంపాలె అని సరుకు పంపేటోల్లు అడుగుతాండ్రు నన్ను! నా ముఖం మీద! మా నాయిన కూసున్న గద్దె మీద కూసోని ఇనవలసి వచ్చింది. ఆ మంట ఆర్పు."

ముందు అడుగు వేసిన అనసూయ కాలు అక్కడే ఆగింది. ఆర్పడానికే వచ్చింది. కానీ ఆయన గొంతులో ఉన్నది ఇల్లు విరిగిందన్న బాధ కాదు, బజారు నవ్విందన్న కోపం. ఆర్పితే, నిన్న తాను చెప్పినది కూడా ఆ నీళ్లతో పోతుంది. రేపు మరో టీచరమ్మ వస్తుంది. తాను తల ఊపాలి.

"ఆర్పను మామయ్యా."

"ఏమన్నవ్?"

"వేరుపడుడు నాకు ఎరుకనే లేదు. అత్తమ్మను ఏడిపించినందుకు అత్తమ్మ కాళ్లు పట్టుకుంట. మంట మాత్రం ఆర్పను. మీరు ముట్టకన్నరు, ముట్టలే. ఇల్లు వేరు కాలే, మాట వేరైంది. నా పేరు చెప్పి ఆ పొయ్యి అమ్ముడు బందు పెట్టుండ్రి. ఇప్పుడే బిందెడు నీళ్లు కుమ్మరిస్త."

"పెద్దోల్లతోని గట్ల మాట్లాడుతరా బిడ్డా?" అన్నాడు మొగిలయ్య.

"పెద్దోల్లు గనుకనే వింటరని చెప్తాన."

సారంగపాణి ఇత్తడి పొయ్యి దగ్గరికి వెళ్లి దాని టాంకి మీద అరచేత్తో చరిచాడు. "మా నాయిన అమ్మిన గంగాళాలల్ల ఇయ్యాల మనుమరాండ్లు నీళ్లు కాగవెట్టుకుంటాండ్రు. ఇత్తడి మోసం చెయ్యది. తెల్సా?"

"ఇత్తడికేం కాలే మామయ్యా. అతుకు ఇడిసింది. గంగాళానికి గాలి కొడుతమా? దీనికి రోజు రెండుపూటల కొడుతం. లోపలి నుంచి తోసుడు తోసుడే. ఎంత మంచి ఇత్తడైన అతుకుకాడ ఎన్నిరోజులు ఓర్సుకుంటది?"

ఆయన వేలితో అతుకు తడిమి చూశాడు. ఈలోగా వరలక్ష్మి లేచి నిలబడింది. ఏడ్చి ఏడ్చి ఎర్రబడిన కళ్లతో, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. అందులో గడుసుదనం ఏమీ లేదు.

"ఇగో, నేనొక్కటి అడుగుత. మన కళావతి నెక్కొండ నుంచి ఎన్నిమాట్లు చెప్పిపంపె. పొగకు తాళలేకపోతాన్న అమ్మా, బాపును ఒక గ్యాస్ పొయ్యి పంపమనుండ్రి అని. పొద్దుగాల రైలెక్కితె పగటాల్లకు ఇంటికి రావచ్చు. ఎందుకు పంపలే మీరు?"

"పంపుత."

"ఎప్పుడు? దుకానం నిండ ఉన్నయి గద."

"పంపుతనంటె..." సారంగపాణి విసుక్కున్నాడు. "దానికి పసిపోరడున్నడు. ఇప్పుడిప్పుడే దోగాడుతాండు. పొయ్యికాడికి పోయి ఏమన్న అయితె..."

అని ఆగిపోయాడు.

దొడ్లో ఇత్తడి పొయ్యి ఒక్కటే బుస్సుమంటోంది. మొగిలయ్య కండువా మడిచి భుజాన వేసుకొని, "నాకు అవుతల పనున్నది," అని లేచాడు. ఎవరూ ఆగమనలేదు.

అనసూయ మామగారి మొహం చూసింది. ఇన్నాళ్లూ ఆయన తెలిసే అబద్ధం చెబుతున్నాడని ఆమె కోపం. ఇప్పుడు చూస్తే అలా లేదు. ఆయనకు తెలుసు. తెలుసని ఆయనకే తెలియదు. కూతురికి పంపవలసినప్పుడు మాత్రం చేయి దానంతటదే వెనక్కి పోయింది. ఇప్పుడు నోటితో అన్నాడు, తన చెవులతో విన్నాడు. ఆ మనిషి ఒక్కసారిగా పదేళ్లు పెద్దవాడిలా కనిపించాడు. ఆమెకు గెలిచినట్టు అనిపించలేదు.

ఆయన దుకాణానికి వెళ్లిపోయాడు.

వరలక్ష్మి వంగి ఇత్తడి పొయ్యి మర తిప్పింది. గాలి సుయ్యిమని పోయి, మంట చచ్చింది. తన గిన్నె ఎత్తుకొని వచ్చి ఇటుకల పక్కన పెట్టింది.

"జరుగు. ఎసరు పెడుత."

"అత్తమ్మా, పొగ. మీ కండ్లు..."

"మండితె మండనీ తియ్యి. కానవస్తాంది గద, సాలు." కట్టె ముందుకు తోస్తూ కోడలి వైపు చూడకుండానే మళ్లీ అంది. "నిన్ననే చెప్తె అయిపోవు గద నాతోని? నీ కొంగు మీద గోనెసంచి ఏసింది నేను కాదా? నాకు భయమెయ్యలేదనుకున్నవా?"

"మీరు శుక్రవారం శుక్రవారం బొట్టు పెడుతరు గదా దానికి."

"భయమున్నదానికే బొట్టు పెడుతమే పిల్లా. లేకపోతె చాటకు పెడుతమా?"

అనసూయ నవ్వబోయింది. నవ్వు రాలేదు, కన్నీళ్లు వచ్చాయి. పొగ మీదికి తోసేయడానికి అదను బాగానే కుదిరింది. ఇద్దరూ కొంగులతో కళ్లు ఒత్తుకుంటూ ఆ మూడు ఇటుకల ముందు సాయంత్రం దాకా ఉన్నారు. గోడ మీద కట్టమ్మ తల రెండుసార్లు లేచింది. అత్తాకోడళ్లు ఇద్దరూ కలిసి ఎవరి నుంచి వేరుపడ్డారో ఆమెకు అంతు చిక్కినట్టు లేదు.

దీపాలు పెట్టే వేళకు తండ్రీకొడుకులు ఇల్లు చేరారు. పీటలు వేశారు. సారంగపాణి కూర్చున్నాడు, పక్కన రాంచందర్ కూర్చున్నాడు. వరలక్ష్మి అన్నం వడ్డించింది. అనసూయ పచ్చిపులుసు పోసింది.

సారంగపాణి ముద్ద కలిపి, ఆపి, అడిగాడు. "ఇది ఏ పొయ్యి మీది బువ్వ?"

"మూడు ఇటుకల మీది," అంది వరలక్ష్మి. పెళ్లయినప్పటి నుంచి ఆయన మాటకు ఎదురు చెప్పని గొంతు, కొంచెం వణికింది గాని వెనక్కి తగ్గలేదు. "నా బిడ్డకు పనికిరాని పొయ్యి మీద నేనిగ వండ. మీరు తింటె తినుండ్రి, లేకపోతె లేదు. కోడలు ఏరుపడ్డదని అన్నరు గద బజారోల్లు? అత్త గూడ ఏరుపడ్డదని చెప్పుండ్రి."

రాంచందర్ తండ్రి వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు. "అయితె నేను గూడ అటే బాపు," అన్నాడు. తమాషాకు అన్నట్టే మొదలుపెట్టాడు గాని, ముగించేసరికి అందులో తమాషా లేదు. "దుకానంల ఆ పొయ్యి గురించి అడిగినోల్లకు ఇగ నేను చెప్పలేను. మీరు అన్నట్టు అసలే చెప్పలేను."

సారంగపాణి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. మరో ముద్ద కలిపాడు. ఆ ఇంట్లో ఆయన తినడం ఆపితే ప్రళయం, తింటూ ఉంటే ఏదో ఆలోచిస్తున్నాడని అర్థం. అందరూ కనిపెట్టుకొని ఉన్నారు.

"రేపు దుకానం తెరువం," అన్నాడు చివరికి.

"బాపు!" రాంచందర్ ఉలిక్కిపడ్డాడు. "ఇయ్యాలనే ఇంత లొల్లి అయింది. రేపు తాళం కనవడితె నిజంగనే ఏరుపడ్డరు అంటరు."

"అననీ. ఇన్నేండ్లు బజారు అన్నది ఇన్న. ఒకరోజు ఇనకపోతె దుకానం కూలది." ఆయన తల ఎత్తి కోడలి వైపు చూశాడు. "ఆ పొయ్యి కొన్నోల్ల ఇండ్లన్ని నాకెరుకె. ఒక్కొక్క ఇంటికి పోవాలె. అతుకు చూడాలె. ఏది బయట పెట్టిన్రో, ఏది లోపల పెట్టిన్రో చూడాలె. పాడైంది కానవస్తె వాపసు తెచ్చుకుంట. మంచిగున్నదానికి ఎట్ల జాగ్రత పడాల్నో చెప్పాలె. నాకు ఇత్తడి ఎరుక. పొయ్యి నీకెరుక. నువ్వు రావాలె."

అనసూయ చేతిలో పులుసు గరిటె అలాగే ఉండిపోయింది. ఆ ఇంటి కోడళ్లు గుడికి తప్ప బజారులో నడిచి వెళ్లి ఎరగరు.

"నేనా మామయ్యా?"

"మరి ఎవలు? చెప్పుడు నీదే. అయితె ఒకటి, నా ముందల చెప్పు. నా ఎన్క కాదు."

"నిన్న గూడ మీ ముందలనే చెప్పిన," అంది అనసూయ.

సారంగపాణి కోడలిని తేరిపార చూశాడు. గొంతులో అన్నం అడ్డం పడ్డట్టు ఒక చప్పుడు చేశాడు. అది దగ్గో, నవ్వో ఎవరికీ తెలియలేదు.

"అవు," అన్నాడు. "ముందలనే చెప్పినవ్. గందుకే అంత మండింది."

వరలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఈసారి పొగ లేదు.

"రేపు మీ అత్త గూడ వస్తదేమో అడుగు," అన్నాడాయన, భార్య వైపు చూడకుండా. "ఎల్లుండి నెక్కొండ బండికి మీ అత్త, నేను ఇద్దరమే పోతం. కళావతికి ఎందుకు పంపలేదో నేనే చెప్పుకోవాలె. రేపు మాత్రం బజారుల నా ఎన్క ఎన్క నడువకు. పక్కన నడువు. మొగిలయ్య దుకానం ముందట నుంచే పోదాం."

"పక్కన్నే నడుస్త మామయ్యా," అంది అనసూయ. "తల మాత్రం ఊప."

"ఊపకు," అన్నాడు సారంగపాణి, కంచం ముందుకు జరిపి. "ఇంత పులుసు పొయ్యి."